500 డాలర్లు వస్తే చేతికెంత?

ఆ మెయిల్ రాత్రి పదకొండున్నరకి వచ్చింది. విదేశాల నుంచి డబ్బు తెప్పించుకునే సేవలో నా ఖాతా మీద పరిమితి విధించారట. పాన్ కార్డు మీది పేరుకీ బ్యాంకు ఖాతాలోని పేరుకీ పొంతన లేదు, ఆధారాలు అప్‌లోడ్ చేయండి అన్నది సారాంశం. ఒక అమెరికా సంస్థకి మూడు వారాలు కూర్చుని సబ్‌టైటిళ్లు అనువదించి ఇచ్చాను. దాని తాలూకు 500 డాలర్లు అందులో ఇరుక్కుపోయాయి.

పేర్లు ఎందుకు కలవలేదో తెలుగువాళ్లకి విడమరిచి చెప్పనక్కర్లేదు. పాన్ కార్డుకి ఇంటిపేరు పూర్తిగా రాయాలి, పొడి అక్షరం ఒప్పుకోరు. బ్యాంకు పాస్‌బుక్కులో నా ఇంటిపేరు ఒకే ఒక్క పొడి అక్షరం. పదో తరగతి సర్టిఫికెట్లో అది ముందుంటుంది, ఆధార్‌లో వెనక్కి వెళ్లింది. మన ఊళ్లో ఎవరిని అడిగినా ఈ నాలుగూ ఒకే మనిషివని చెబుతారు. మొదటి పేరు, చివరి పేరు అని రెండే గళ్లు తెలిసిన కంప్యూటరుకి మాత్రం నలుగురు కనిపిస్తారు.

పాస్‌బుక్కు మొదటి పేజీ ఫొటో తీసి పంపాను. నాలుగంచులూ కనిపించడం లేదని తిప్పికొట్టారు. మళ్లీ తీసి పంపితే, పత్రం మూడు నెలల లోపుది కావాలన్నారు. బ్యాంకుకి వెళ్లి, లైన్లో నిలబడి, స్టేట్‌మెంటు మీద సీలు వేయించుకుని అదీ పంపాను. చాట్‌లో రోజుకో కొత్త మనిషి వచ్చేవారు, పాత జవాబే చెప్పేవారు: మీ కేసు పరిశీలనలో ఉంది. ఎన్నాళ్లు పడుతుందని అడిగితే చెప్పలేమనేవారు. ఆ డబ్బు 23వ రోజున కదిలింది. ఆ మధ్యలో ఇంటి అద్దె చెల్లించాల్సిన తేదీ వచ్చి వెళ్లిపోయింది.

విదేశీ కంపెనీలకి పనిచేసే డిజైనర్లు, కోడ్ రాసేవాళ్లు, అనువాదకులు నలుగురు కలిస్తే ఇలాంటి కథలు నాలుగైదు వినిపిస్తాయి. ఆ కథల చివర ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: “ఈ తలనొప్పంతా ఎందుకు, క్రిప్టోలో తీసుకుంటే పోయె కదా!” ఆ మాటలో బలముంది, అందుకే దాన్ని లెక్క వేసి చూడాలనిపించింది.

ముందు మామూలు దారి. ఈ రంగంలో అందరికీ తెలిసిన పేరు పేపాల్ కాబట్టి దాని రేట్లతోనే వేద్దాం (నా డబ్బు ఆగింది వేరే చోట). విదేశం నుంచి వచ్చే వ్యాపార చెల్లింపు మీద మన దేశంలో అమ్మకందారులు ఏళ్లుగా ఇస్తున్నది 4.4 శాతం, ఆ పైన 30 సెంట్లు. 500 డాలర్ల మీద అది 22 డాలర్ల 30 సెంట్లు. మిగిలిన 477.70 డాలర్లని రూపాయల్లోకి మార్చాలి. లెక్క తేలిగ్గా ఉండేందుకు డాలరు 85 రూపాయలనుకుందాం. ఇలాంటి సేవలు మార్కెట్ రేటు ఇవ్వవు, 3 శాతం అటూ ఇటూగా తగ్గించి ఇస్తాయి. అంటే మనకి దక్కే రేటు 82 రూపాయల 45 పైసలు. మొత్తం 39,386 రూపాయలు. రావాల్సింది 42,500. తరుగు 3,114 రూపాయలు, 7.3 శాతం.

నెలనెలా ఇదే మొత్తం వస్తుందనుకుంటే ఏడాదికి తరుగు 37 వేల పైచిలుకు. పన్నెండు నెలలు పనిచేసి సుమారు పదకొండు నెలల కూలి ఇంటికి తెచ్చుకున్నట్టు. ఇందులో ఫీజు 22 డాలర్లు కళ్లకి కనబడుతుంది, దాన్ని అందరూ తిట్టుకుంటారు. రేటులో పోయే 1,200 రూపాయల సంగతి చాలామంది గమనించరు. రసీదులో దానికి విడిగా వరుస ఉండదు, తరుగంతా రేటులోనే కలిసిపోయి ఉంటుంది. డబ్బు పడిన రోజు మార్కెట్ రేటు పక్కన రాసి పెట్టుకుంటే తప్ప అది బయటపడదు.

పోనీ, బ్యాంకు నుంచి బ్యాంకుకే పంపమంటే? అమెరికాలో విదేశీ వైర్ పంపడానికి బ్యాంకులు మామూలుగా 25 నుంచి 50 డాలర్ల దాకా తీసుకుంటాయి. 5,000 డాలర్లు పంపేవాళ్లకి అది అర శాతమో ఒక శాతమో అవుతుంది. 500కి అదే 5 నుంచి 10 శాతం. చిన్న మొత్తాలవాళ్లకి ఈ దారి ఎప్పుడూ భారమే. అసలు ఆ వైర్‌లో డబ్బు ఎక్కడికీ ప్రయాణం చేయదు. 1973లో బెల్జియంలో పుట్టిన స్విఫ్ట్ సంస్థ 11 వేలకి పైగా బ్యాంకులు, ఆర్థిక సంస్థల మధ్య సందేశాలు మాత్రమే మోస్తుంది. ఈ బ్యాంకుకి ఆ బ్యాంకులో ఖాతా ఉంటే సరే. లేకపోతే రెంటికీ ఖాతాలున్న మూడో బ్యాంకు మధ్యలోకి వస్తుంది, తన వాటా మినహాయించుకుంటుంది. పూర్వం షావుకార్లు ఒక ఊళ్లో డబ్బు కట్టించుకుని ఇంకో ఊళ్లో హుండీ చెల్లించేవారే, మూలంలో ఇదీ ఆ పద్ధతే.

మన వైపు కూడా గేట్లు తక్కువేం లేవు. 2010 ఫిబ్రవరిలో పేపాల్ ఇండియాకి వ్యక్తిగత చెల్లింపుల్ని, ఇక్కడి బ్యాంకుల్లోకి తీసుకోవడాన్నీ ఉన్నట్టుండి ఆపేసింది. ఆ ఏడాది నవంబరులో రిజర్వ్ బ్యాంకు నిబంధనలు తెచ్చింది: ఒక్కో లావాదేవీ 500 డాలర్లు దాటకూడదు. అందులో డబ్బు దాచుకోకూడదు, ఏడు రోజుల్లో బ్యాంకుకి తరలించాలి. తర్వాతి ఏడాది ఆ పరిమితి 3,000 డాలర్లయింది, 2013లో 10,000 అయింది. 2023 అక్టోబరు 31న వచ్చిన కొత్త నిబంధనల్లో ఒక్కో వస్తువుకో సేవకో 25 లక్షల రూపాయల దాకా పెంచారు. దాంతో మన దేశపు కంపెనీలు కూడా లైసెన్సు తీసుకుని ఈ పనిలోకి దిగాయి. పోటీ వచ్చాక రేట్లు దిగాయి. ఇది మంచి మార్పు, ఇంకా చాలామందికి తెలియని మార్పు.

ఇప్పుడు ఇంటి దగ్గర సంగతి చూడండి. మొన్నొక ఉదయం టిఫిన్ సెంటర్లో ఇడ్లీ, పెసరట్టు తిని 80 రూపాయలకి స్కాన్ చేశాను. నా ఫోన్లో డబ్బు కట్ అయింది. కౌంటర్ మీది స్పీకరు పలకలేదు. “రాలేదండీ” అంది ఆవిడ, నా ఫోన్ స్క్రీన్ చూపించినా నమ్మకం కుదరక. తప్పు ఆవిడది కాదు, దొంగ స్క్రీన్లు చూపించి వెళ్లిపోయేవాళ్లని చూసి ఉంటుంది. నోటు ఇచ్చి వచ్చాను. సాయంత్రానికి నా 80 రూపాయలు ఖాతాలోకి తిరిగొచ్చాయి.

అవి వాటంతట అవి రాలేదు, వాటి వెనక ఒక కాగితం ఉంది. 2019 సెప్టెంబరు 20న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ అది. యూపీఐలో మనిషికి పంపిన డబ్బు మన ఖాతాలో కట్ అయి అవతల జమ కాకపోతే, మర్నాటిలోగా వెనక్కి రావాలి. దుకాణానికి కట్టినదైతే ఐదు రోజులు. గడువు దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం. అదీ ఖాతాదారు ఫిర్యాదు చేసేదాకా ఆగకుండా, బ్యాంకే జమ చేయాలి. 2025 ఆగస్టులో యూపీఐ లావాదేవీలు మొదటిసారి నెలకి 2,000 కోట్లు దాటాయి, విలువ 24.85 లక్షల కోట్ల రూపాయలు. అదే ఏడాది మార్చి 26న, ఏప్రిల్ 12న దేశమంతా మొరాయించింది కూడా. అయినా జనం దాన్ని వదల్లేదు. ఉచితం కావడం ఒక కారణం. నా దృష్టిలో అంతకంటే పెద్ద కారణం, పోయిన డబ్బు ఎప్పటికి వస్తుందో తెలియడం.

ఆ సర్క్యులర్ పంపేవాళ్లూ అందుకునేవాళ్లూ ఇద్దరూ ఇండియాలో ఉన్న లావాదేవీలకే. నా 500 డాలర్లకీ ఆ లెక్కే వర్తించి ఉంటే, ఆలస్యమైన 22 రోజులకి 2,200 రూపాయలు నాకు ఎదురు రావాలి. ఎనభై రూపాయల టిఫిన్‌కి ఉన్న రక్షణ మూడు వారాల కష్టార్జితానికి లేకపోవడం నాకు మింగుడు పడడం లేదు.

బిట్‌కాయిన్ పుట్టింది సరిగ్గా ఈ మనోవేదన లోంచే. 2008 అక్టోబరు 31న సతోషి నకమోటో పేరుతో వెలువడిన తొమ్మిది పేజీల పత్రం మొదలయ్యేదే మధ్యవర్తుల మీద ఫిర్యాదుతో: తగాదాలు తీర్చే ఖర్చు వాళ్లకి పడుతుంది, ఆ ఖర్చు ఫీజుగా మన మీద పడుతుంది, దాంతో చిన్న చెల్లింపులు గిట్టుబాటు కావు. 2009 జనవరి 3న మొదటి బ్లాకు తయారైంది. ఆ మరుసటి ఏడాది డిసెంబరులో వీసా, మాస్టర్‌కార్డ్, పేపాల్ కలిసి వికీలీక్స్‌కి వెళ్లే విరాళాలు ఆపేశాయి. కొన్ని నెలలకే ఆ సంస్థ బిట్‌కాయిన్లు తీసుకోవడం మొదలుపెట్టింది. అడ్డుపడేవాళ్లు లేని డబ్బు ఎలా ఉంటుందో ప్రపంచం చూసింది. ఖాతా ఆపేశామన్న మెయిల్ అందుకున్న ఎవరికైనా ఆ ఆకర్షణ అర్థమవుతుంది. నాకూ అర్థమైంది.

అయితే 500 డాలర్లకి అది దారి అవుతుందా? బిట్‌కాయిన్ వ్యవస్థ సుమారు పది నిమిషాలకొక బ్లాకు తయారుచేస్తుంది. సెకనుకి మోయగలిగేది ఏడు లావాదేవీల దాకా. రద్దీ పెరిగితే ముందు ఎక్కాలనుకునేవాళ్లు వేలంపాటలా ఫీజు పెంచుకుంటూ పోతారు. 2024 ఏప్రిల్ 20న సగటు ఫీజు 120 డాలర్లు దాటింది. ఆ రోజు నా కూలి పంపి ఉంటే నాలుగో వంతు దారిలోనే ఖర్చయ్యేది. మామూలు రోజుల్లో ఒకటి రెండు డాలర్లలో అయిపోతుందన్నదీ నిజమే. కానీ విలువ నిలకడ మాటేమిటి? 2021 నవంబరులో బిట్‌కాయిన్ 69 వేల డాలర్ల దరిదాపుల్లో ఉంది, ఏడాది తిరిగేసరికి 16 వేల కిందికి పడింది. అద్దె కట్టాల్సిన డబ్బుని అలాంటి దాంట్లో ఒక రాత్రి ఉంచినా గుండె దడే.

అందుకే ఫ్రీలాన్సర్ల మధ్య క్రిప్టో అంటే ఇప్పుడు ఎక్కువగా స్టేబుల్‌కాయిన్ అనే అర్థం, ముఖ్యంగా టెథర్ కంపెనీ యూఎస్‌డీటీ. ఒక్కో కాయిన్‌కి ఒక్కో డాలరు విలువ నిలబెడతామని జారీచేసే కంపెనీ మాట ఇస్తుంది. పంపడానికి నిమిషాలు, ఖర్చు మామూలుగా కొద్ది డాలర్లు. ఇంకో సంగతి కూడా ఉంది: మన దేశంలో యూఎస్‌డీటీ తరచూ బ్యాంకు డాలరు రేటు కంటే ఎక్కువే పలుకుతుంది. అంటే 500కి 42,500 కంటే నాలుగు రూపాయలు ఎక్కువే రావచ్చు! పేపాల్ లెక్కలో 3,114 పోగొట్టుకున్న మనిషికి ఇది ఎంత తియ్యగా వినిపిస్తుందో ఊహించండి.

ఇక్కడే పెన్ను కింద పెట్టకుండా లెక్క పూర్తి చేయాలి. 2022 జులై 1 నుంచి క్రిప్టో అమ్మితే 1 శాతం టీడీఎస్. మన మొత్తం మీద 425 రూపాయలు, రిటర్ను వేసేదాకా చేతికి రావు. అనువాదం చేసి సంపాదించిన డబ్బు ఎలాగూ ఆదాయమే, దాని పన్ను దానిదే. అది కాక, కాయిన్ చేతికొచ్చిన రోజుకీ అమ్మిన రోజుకీ మధ్య ధర పెరిగితే ఆ లాభం మీద 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు. డాలరుకి ఒక్క రూపాయి పెరిగిందనుకుంటే 500 లాభం, 156 పన్ను. ఒక్క రూపాయి తగ్గిందా, ఆ 500 నష్టాన్ని మరే ఆదాయంలోనూ సర్దుకోనివ్వరు. మరో క్రిప్టో లాభంలోనూ సర్దుకోనివ్వరు.

జీఎస్టీలో నమోదైనవాళ్లకి అసలు దెబ్బ వేరే చోట పొంచి ఉంది. విదేశానికి చేసిన సేవ ఎగుమతిగా లెక్కకి వస్తే పన్ను సున్నా. అలా రావాలంటే డబ్బు మార్పిడికి వీలున్న విదేశీ మారకంలో గానీ, రిజర్వ్ బ్యాంకు అనుమతించిన చోట రూపాయల్లో గానీ అందాలని ఐజీఎస్టీ చట్టం 2వ సెక్షను చెబుతుంది. క్రిప్టో ఈ రెంటిలో ఏదీ కాదు. ఎగుమతి కాదని తేలితే 18 శాతం, 42,500 మీద 7,650 రూపాయలు. 3,114 మిగుల్చుకోబోయి అంత ముప్పు నెత్తిమీద పెట్టుకోవడమన్నమాట. బ్యాంకు ద్వారా వస్తే విదేశీ సొమ్ము అందినట్టు ఫిరా అనే ధ్రువపత్రం ఇస్తారు. ఆ ఒక్క కాగితం విలువ పన్ను నోటీసు వచ్చిన రోజున తెలుస్తుంది.

కాయిన్‌ని రూపాయలు చేసుకునే దగ్గర ఇంకో ప్రమాదం. మనుషుల మధ్య నేరుగా అమ్మేటప్పుడు, కొనే ఆ ముక్కూమొహం తెలియని వ్యక్తి మన ఖాతాలోకి పంపే రూపాయలు ఎక్కడివో మనకి తెలియదు. అవి ఏ సైబర్ మోసంలోనో ఎవరో పోగొట్టుకున్నవైతే, డబ్బు వెళ్లిన దారి పట్టుకుని పోలీసులు వరుసగా ఖాతాలు ఫ్రీజ్ చేయిస్తారు. మన ఖాతా కూడా ఆ వరుసలో ఉంటుంది. వేరే రాష్ట్రం సైబర్ స్టేషన్‌కి మెయిళ్లు పెట్టుకుంటూ తిరగాలి. బజారు రేటు కంటే ఎక్కువ ఇస్తామని ఎవరైనా అంటున్నారంటే ఎందుకిస్తున్నారో అడగాల్సిందే.

ఎక్స్ఛేంజీలో ఉంచుకుంటే భద్రమా? 2024 జులై 18న వజీర్ఎక్స్ నుంచి దాదాపు 23.5 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో దోచుకుపోయారు. అందులో క్రిప్టో ఉంచినవాళ్లు ఏడాదికి పైగా దాన్ని వెనక్కి తీసుకోలేకపోయారు. డాలరుకి కట్టేసిన కాయిన్లు కూడా కట్లు తెంచుకున్న సందర్భాలున్నాయి. 2022 మేలో టెర్రా కుప్పకూలింది. 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు మూతపడినప్పుడు, ఎంతో పద్ధతిగా నడిచే యూఎస్‌డీసీ కూడా 90 సెంట్ల కిందికి జారి, రెండు మూడు రోజుల్లో తిరిగి లేచింది. మధ్యవర్తిని తీసేస్తామన్నవాళ్లు ఎక్స్ఛేంజీ, జారీచేసే కంపెనీ, దాని బ్యాంకు అని ముగ్గురు కొత్త మధ్యవర్తుల్ని తెచ్చిపెట్టారు. నా 23 రోజుల్లో కనీసం చాట్‌లో ఎవరో ఒకరు పలికారు. తప్పు చిరునామాకి వెళ్లిపోయిన కాయిన్ల గురించి పలికే మనిషే ఉండరు.

రిజర్వ్ బ్యాంకు తెచ్చిన డిజిటల్ రూపాయి ఈ ఖాళీ పూరిస్తుందా అని అడుగుతున్నారు. 2022 డిసెంబరు 1న సామాన్యుల కోసం ప్రయోగం మొదలైంది. ముంబై, ఢిల్లీ, బెంగళూరు, భువనేశ్వర్‌లలో ముందు, రెండో విడత ఊళ్లలో మన హైదరాబాదు. ఇది నోటుకి డిజిటల్ రూపం, రిజర్వ్ బ్యాంకు పూచీ దీనికి ఉంది, వడ్డీ రాదు. 2025 మార్చి నాటికి చలామణీలో ఉన్నది 1,016 కోట్ల రూపాయలు. వినడానికి పెద్ద మొత్తమే, కానీ ఆ ఆగస్టులో యూపీఐలో అంత డబ్బు 18 నిమిషాల్లో చేతులు మారింది. ఫలానా పనికే ఖర్చయ్యేలా కట్టుదిట్టం చేసి ఇచ్చే పద్ధతిని స్టేట్ బ్యాంకు ఒడిశాలోను, మన ఆంధ్రలోను కౌలురైతుల దగ్గర ప్రయత్నిస్తోంది. చేతిలో భూమి కాగితం లేక అప్పు పుట్టని రైతుకి అది ఆసరా కావచ్చు. ఎరువుకి తప్ప మరి దేనికీ చెల్లని రూపాయిని చూస్తే నాకు కొంచెం బెంగగానూ ఉంది, ఇంట్లో జ్వరం వచ్చిన రోజున అదే రైతు ఏం చేయాలి? ఏదేమైనా అమెరికా నుంచి వచ్చే నా 500కి ఈ రూపాయి ఇంకా దారి వేయలేదు.

దారి ఒకటి వేరే దిక్కున పడింది. 2023 ఫిబ్రవరి 21న మన యూపీఐని సింగపూరు పేనౌతో కలిపారు. అక్కడి కొడుకు ఫోన్లోంచి గుంటూరులోని అమ్మ ఖాతాకి వెయ్యి సింగపూరు డాలర్ల దాకా నిమిషంలో పంపవచ్చు. ఇందులో కొత్త నాణెమేదీ లేదు, రెండు దేశాలు తమ పద్ధతుల్ని ఒకదానికొకటి తెలిసేలా కలిపాయంతే. 2024లో మలేషియా, ఫిలిప్పీన్స్, సింగపూరు, థాయిలాండులతో కలిసి ఇలాంటిదే ఇంకా పెద్ద వలయం కట్టే ప్రాజెక్ట్ నెక్సస్‌లో రిజర్వ్ బ్యాంకు చేరింది. అందులో అమెరికా లేదు. మనవాళ్లకి కావాల్సింది అమెరికాయే.

ఎంతగా కావాలో రిజర్వ్ బ్యాంకు సర్వేలోనే ఉంది. 2023-24లో ప్రవాసులు దేశానికి పంపిన 11,870 కోట్ల డాలర్లలో తెలంగాణ వాటా 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌ది 4.4. రెండూ కలిపితే సరిగ్గా ఎనిమిదో వంతు, దాదాపు 1,480 కోట్ల డాలర్లు. దేశానికి వచ్చే మొత్తంలో అమెరికాది 27.7 శాతం, అన్ని దేశాల కంటే ఎక్కువ. 200 డాలర్లు దేశం దాటించడానికి ప్రపంచ సగటు ఖర్చు ఇప్పటికీ 6 శాతం పైనే, 2030కి దాన్ని 3 శాతానికి తేవాలన్నది ఐక్యరాజ్యసమితి లక్ష్యం. మన రెండు రాష్ట్రాలకి వచ్చే డబ్బులో తరుగు ఒక్క శాతం తగ్గినా, డాలరు 85 లెక్కన ఏటా 1,250 కోట్ల రూపాయలకి పైగా మన ఇళ్లలో మిగులుతుంది. ఇది అడిగి సాధించుకోదగ్గ మొత్తం. దీంతో పాటు నేను అడిగేది ఇంకొకటి: 2019 నాటి ఆ మర్నాటి గడువు, ఆ వంద రూపాయలు దేశం బయట నుంచి వచ్చే డబ్బుకీ వర్తింపజేయాలి. ఇక్కడ లైసెన్సు తీసుకుని వ్యాపారం చేసే ఏ సేవకైనా ఈ షరతు పెట్టే అధికారం రిజర్వ్ బ్యాంకుకి ఉంది.

ఇప్పటికిప్పుడు మన చేతిలో ఉన్నవి చిన్న పనులే. అమెరికాలో స్థానిక ఖాతా నంబరు ఇచ్చే సేవలు వచ్చాయి, అవతలివాళ్లు వైర్ ఫీజు లేకుండా దానికి పంపవచ్చు. రెండు మూడింటిని పోల్చేటప్పుడు ఫీజు శాతం అడక్కండి, 500 పంపితే నా ఖాతాలో ఎన్ని రూపాయలు పడతాయని అడగండి. ఫిరా ప్రతిసారీ అడిగి తీసుకోండి. మీ బ్యాంకు దగ్గరే డబ్బు ఆగితే ముందు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, 30 రోజుల్లో తేలకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లవచ్చు. 14448కి ఫోన్ చేస్తే ఎలా చేయాలో చెబుతారు.

నేను చేసిన పని, బ్యాంకుకి వెళ్లి ఖాతాలో పేరుని పాన్ కార్డులో ఉన్నట్టే మార్పించుకోవడం. కౌంటర్లో ఉన్నామె ఫారం చూసి, “పేరు మారలేదు కదండీ, మరి ఎందుకు మారుస్తున్నారు?” అంది. ఇంటిపేరు పూర్తిగా రావాలని చెప్పాను. ఆమె ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ టైపు చేసింది. వారం తర్వాత కొత్త పాస్‌బుక్కు చేతికొచ్చింది. బ్యాంకు మెట్లు దిగకముందే మొదటి పేజీ తెరిచి, నాలుగంచులూ కనిపించేలా ఫొటో తీసి పెట్టుకున్నాను.